లాండ్రీ గదిలో జాలీ లేదు

రేలీన్ రోజూ పొద్దున్నే వంటింట్లో నిలబడి, టోస్టు మీద వెజిమైట్ రాసుకుంటూ, నిన్నటి మాటలు వినేది. వినేది అంటే పనిగట్టుకుని వినడం కాదు. గ్యాస్ హీటరు రాజుకుని, ఇంటి కింద గొట్టాల్లోంచి వేడిగాలి పైకి తన్నిందంటే, నేలలో బిగించిన ఇనప జాలీల్లోంచి ఆ గాలితో పాటు మాటలూ వచ్చేవి. హాల్లో నేల జాలీలోంచి ఆమె మొగుడు గార్త్ గొంతు, "ఈ కళ్ళజోడు ఎక్కడ పెట్టానబ్బా" అని. ఆమె కాళ్ళ దగ్గర జాలీలోంచి ఆమె గొంతే, "పాలు అయిపోయాయి" అని. పాలు నిన్న సాయంత్రమే తెచ్చేసింది. కళ్ళజోడూ దొరికింది. అయినా మాట మాత్రం దాని టైముకి అది వచ్చి, చెప్పాల్సింది చెప్పి, చల్లారిపోయేది.

బలరాట్‌లో ఆ వీధి ఇళ్ళన్నీ ఒక్కడే బిల్డరు కట్టాడు. అన్నిటికీ కింద ఒకే రకం గొట్టాలు, అన్నిటికీ ఇదే వరస. హాల్లో గోడ అడుగున పెద్ద జాలీ ఒకటి ఉంటుంది, అది ఇంట్లో గాలిని వెనక్కి పీలుస్తుంది. గాలితో పాటు మాటలూ లోపలికి పోతాయి, ఒక రోజు ఆలస్యంగా ఏదో ఒక గదిలో తేలతాయి. దీన్నెవరూ వింత అనుకోలేదు. కొత్తగా అద్దెకొచ్చినవాళ్ళకి చెత్త డబ్బా బయట పెట్టాల్సింది ఏ రోజో చెప్తారు కదా, అప్పుడే ఇదీ చెప్పేసేవాళ్ళు.

దాంతో పాటు ఒక మర్యాద కూడా చెప్పేవాళ్ళు. జాలీలోంచి వచ్చిన మాటకి జవాబు చెప్పకూడదు. ఇంకొకళ్ళకొచ్చిన ఉత్తరం విప్పి చదివితే ఎంత తప్పో అదీ అంత తప్పు. ఆ వీధిలో పిల్లలకి నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడకూడదని ఎలా నేర్పుతారో, జాలీకి బదులు చెప్పకూడదని అలాగే నేర్పేవాళ్ళు. గార్త్ ఆ వీధిలోనే పుట్టాడు, ఆ ఇంట్లోనే పెరిగాడు. రేలీన్ పెళ్ళి చేసుకుని వచ్చి నేర్చుకుంది.

ఇప్పుడు వీళ్ళ కాపురం సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. గార్త్ కౌన్సిల్ వాళ్ళ రోడ్లూడ్చే బండి నడుపుతాడు. ఊరు లేవకముందే వెళ్ళాలి, పదకొండింటికల్లా ఇంటికొచ్చేస్తాడు, మధ్యాహ్నం ఒక కునుకు తీస్తాడు, పొద్దుగూకితే పడుకుంటాడు. రేలీన్ ప్రైమరీ స్కూల్ క్యాంటీన్లో పని, సాయంత్రానికి గానీ రాదు. ఆవిడ వచ్చేసరికి ఆయన ఆవలిస్తూ ఉంటాడు. అందుకని పెళ్ళైన కొత్తలో ఆవిడకి గొట్టాలే సుఖంగా అనిపించాయి. వంటింట్లో నిలబడి మామూలుగా మాట్లాడేసేది. ఆయనకి అవి మర్నాడు అందేవి. మొదట్లో ఓవెన్లో ఏం పెట్టిందో, ఎవరు ఫోన్ చేశారో. తర్వాత్తర్వాత మనసులో ఉన్నవి కూడా. ఆయన విన్నాడో లేదో తెలీదు. వింటే మాత్రం ఏం చేస్తాడు, జాలీ మాటకి జవాబు చెప్పకూడదు కదా. అలా ఇరవై ఏళ్ళు దాటిపోయాయి. ఒకరోజు క్యాంటీన్లో సాసేజ్ రోల్స్ పళ్ళెంలో సర్దుతూ ఆవిడకి అనిపించింది, ఇన్నేళ్ళూ తను నేలతో కాపురం చేసింది అని.

ఆ ఇళ్ళల్లో జాలీ లేని గది ఒక్కటే, లాండ్రీ. అందుకే ఆ వీధిలో రహస్యాలన్నీ లాండ్రీ గదుల్లోనే మాట్లాడుకునేవాళ్ళు. పుట్టినరోజు కానుకలూ, అత్తగారి మీద చాడీలూ, అన్నీ అక్కడే. రేలీన్ కూడా పోయిన చలికాలం నుంచి, గార్త్ పడుకున్నాక లాండ్రీలోకి వెళ్ళి తలుపేసుకునేది. బట్టల మిషన్ వేసి, దాని మీద రెండు చేతులూ ఆనించి, నెమ్మదిగా చెప్పుకునేది. "గార్త్, నేను వెళ్ళిపోతున్నాను. ఇంకెవరూ లేరు. నీ మీద కోపం కూడా లేదు." అలా కాదని మళ్ళీ మొదటినుంచి. "గార్త్, కూర్చో, ఒక మాట చెప్పాలి." పోర్టార్లింగ్టన్‌లో సముద్రం కనిపించే చిన్న ఫ్లాటొకటి చూసిపెట్టుకుంది. అద్దెకి ఇప్పించే ఏజెంటమ్మాయి రెండుసార్లు గడువిచ్చింది. ఈ శుక్రవారం దాటితే ఇంకొకళ్ళకి ఇచ్చేస్తానంది. ఫ్లాటు రెడీ, మనిషి రెడీ, మాటే ఎదురుగా నిలబడి చెప్పడం కుదరట్లేదు.

సరిగ్గా ఆ వారమే హీటరు పోయింది.

చలికాలం ముందు ఏటా వచ్చి చూసే మనిషి విలి. టాంగా దీవుల నుంచి వచ్చినవాళ్ళబ్బాయి, గుమ్మంలో నిలబడితే వెలుతురు రాదు, అంత మనిషి. మీటరు పెట్టి చూసి, గ్యాస్ కట్టేసి, హీటరుకి ఎర్ర చీటీ తగిలించాడు.

"లోపల పగిలిపోయింది, మేట్. విషం గాలి ఇంట్లోకి వస్తోంది," అన్నాడు గార్త్‌తో. "ఇక దీన్ని వెయ్యడానికి లేదు."

"బాగు చెయ్యలేవా?"

"దీని విడిభాగాలు చేసేవాళ్ళు కూడా పోయుంటారు. కొత్తదే. రెండు దార్లున్నాయి." వంటింటి బల్ల దగ్గర కూర్చుని వేళ్ళతో గీసి చూపించాడు. "ఒకటి, మళ్ళీ గొట్టాలదే. బయట ఒక పెద్ద మిషను, అటక మీద గొట్టాలు, ప్రతి గదికీ పైనుంచి గాలి. చలికాలం వేడి, ఎండాకాలం చల్లన. గోడల మీద ఏమీ కనబడదు. కానీ గొట్టం పొడుగునా కొంత వేడి దార్లోనే పోతుంది. రెండోది స్ప్లిట్. గొట్టాల్లేవు. గదిగదికీ గోడ మీద ఒక పెట్టె. ఎవరి రిమోటు వాళ్ళది. కావల్సిన గదికే వేసుకోవచ్చు."

"మరి మాటలో?" అంది రేలీన్.

విలి గడ్డం గోక్కున్నాడు. "అది మా కంపెనీ పుస్తకంలో రాయరండీ. కానీ నేను చూసినంత వరకూ, గొట్టం ఉంటేనే మాట తిరుగుతుంది. గొట్టం లేకపోతే ఏ గదిలో మాట ఆ గదిలోనే. అన్నప్పుడే వినబడుతుంది, అక్కడితో సరి."

"స్ప్లిట్," అన్నాడు గార్త్.

ఇక్కడ ఒకటి చెప్పాలి. గార్త్ దేనికీ వెంటనే సమాధానం చెప్పే మనిషి కాదు. చిప్స్ మీద ఉప్పా వెనిగరా అని అడిగితే వెనకున్న క్యూ అంతా తిట్టుకోవాలి. అలాంటిది విలి నోరు మూయకముందే అనేశాడు. పైగా, "వంటింట్లో ఒకటి. పడగ్గదిలో ఒకటి. ఆ వెనక గదిలో ఒకటి, మంచిది పెట్టు. శబ్దం చెయ్యనిది," అన్నాడు.

"వెనక గదిలో ఎవరుంటారు?" అంది రేలీన్. కుట్టుమిషనూ పాత అట్టపెట్టెలూ తప్ప అందులో ఏమీ లేవు.

"ఎవరైనా ఉండొచ్చు," అన్నాడు గార్త్, టీ కప్పులోకి చూస్తూ.

రేలీన్‌కి మొహం మీద కొట్టినట్టయింది. ఇన్నాళ్ళకి నోరు విప్పి ఈయన అడిగింది నన్ను వెనక గదిలోకి పంపడానికా? పోనీ తను ఎలాగూ ఇల్లే వదిలిపోతోంది కదా, వెనక గదైతే ఏంటి? అదీ నిజమే. కానీ తనంతట తను వెళ్ళడం వేరు, గెంటించుకోవడం వేరు. "గొట్టాలే పెట్టాలి," అనేసింది. "ఇల్లన్నాక ఒకే గాలి ఉండాలి."

అన్నాక ఆవిడకే అర్థం కాలేదు. వెళ్ళిపోయే మనిషికి గొట్టాలుంటే ఏంటి, లేకపోతే ఏంటి? అయినా మర్నాడు పని నుంచి వస్తూ ఎదురింటి అసుంతా దగ్గర ఆగింది. అసుంతా వాళ్ళు ఏడాది కిందటే స్ప్లిట్ పెట్టించారు.

"రా అమ్మాయ్, కాళ్ళు తుడుచుకో," అంది అసుంతా. పెద్దావిడ, ఎప్పుడూ ఏప్రన్లోనే కనబడుతుంది. "ఎలా ఉందంటే ఏం చెప్పను. ప్రాణం తేలికపడింది. పొద్దున్న లేచి నిన్న నేను తిట్టిన తిట్లు మళ్ళీ నేనే వినక్కర్లేదు."

"అయితే బాగుందన్నమాట."

"బాగుందని ఎవరన్నారు? ఇదివరకు మా ఆయన షెడ్డు నుంచి వచ్చి హాల్లో గొణిగింది మర్నాడు వచ్చేసేది. ఇప్పుడేమనుకుంటున్నాడో తెలియాలంటే వెళ్ళి అడగాలి."

"అడిగితే చెప్తాడా?"

"చెప్తాడు. అదే వచ్చిన తంటా. మొదలెట్టాడంటే ఆపడు. నిన్న నా పాస్తా ముద్దయిపోయింది."

"మరి చివరింటి కినేర్ వాళ్ళు అటక మీద గొట్టాలు పెట్టించుకున్నారు కదా, వాళ్ళకెలా ఉంది?"

"మాటలు నెత్తి మీద పడతాయిట. వాళ్ళ పిల్ల స్నానం చేస్తూ పాడిన పాట మర్నాడు అన్నం తింటుంటే ప్లేట్లో పడిందిట. ఆ పిల్ల నాన్న టోపీ పెట్టుకుని తింటున్నాడు." అసుంతా కాఫీ పోసి అడిగింది. "నీకేం కావాలి అసలు?"

"అదే తెలీట్లేదు," అంది రేలీన్.

"గార్త్‌కేం కావాలి?"

"స్ప్లిట్ అన్నాడు. నన్ను వెనక గదిలో పడేద్దామని."

"అడిగావా?"

రేలీన్ కాఫీ తాగింది. ఆ ఇంట్లో అడగడమనేది ఎలా ఉంటుందో ఆవిడ మర్చిపోయింది.

ఇంటికొచ్చేసరికి గార్త్ ఉన్ని టోపీ చెవుల దాకా లాక్కుని, చిన్న కరెంటు హీటరు ముందు కూర్చునున్నాడు. ఇల్లు చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. జాలీల్లోంచి గాలీ లేదు, మాటా లేదు. "సరే, నీకు గొట్టాలే కావాలంటే గొట్టాలే పెట్టిద్దాం," అన్నాడు.

"నాకు అక్కర్లేదు. నీ స్ప్లిట్టే పెట్టుకో," అంది రేలీన్.

"నువ్వేగా గొట్టాలన్నావ్?"

"నువ్వేగా గదులన్నావ్?"

ఇద్దరూ హీటరు ఎర్రటి కడ్డీ వైపు చూశారు. బుధవారం అలా గడిచింది. గురువారం ఆవిడ పొద్దున్న విలికి ఫోన్ చేసి గొట్టాలంది, మధ్యాహ్నం గార్త్ చేసి గొట్టాలన్నాడు, ఇక తేలిపోయింది అనుకుంటుంటే సాయంత్రం ఆవిడ మళ్ళీ చేసి స్ప్లిట్ అంది. "నాకేమీ ఇబ్బంది లేదండీ," అన్నాడు విలి, "కానీ ట్రక్కులో రెండూ ఎక్కించలేను. రేపెలాగూ పాత గొట్టాలు పీకాలి. కింద చూసి చెప్తాను, అప్పుడు తేల్చుకోండి."

ఆ రేపే శుక్రవారం. స్కూల్లో పిల్లలకి సెలవు, క్యాంటీన్ లేదు. గార్త్ బండి డిపోలో పెట్టేసి వచ్చాడు. ఇద్దరూ ఒకే పూట ఇంట్లో, మెలకువగా. ఏం చెయ్యాలో తెలీక రేలీన్ మూడోసారి టీ పెట్టింది. విలి పొట్ట లోపలికి పీల్చుకుని, వెనకవైపు చిన్న తలుపులోంచి ఇంటి కిందకి దూరాడు. చెక్క పలకల నేల కింద ఆయన పాకుతుంటే ఎక్కడున్నాడో తెలుస్తూనే ఉంది. పడగ్గది కింద దగ్గు, హాలు కింద ఒక తిట్టు, తర్వాత లాండ్రీ వైపు నుంచి గొంతు.

"మీ లాండ్రీ కింద గొట్టం చిరిగింది. నా తల దూరుతుంది ఇందులో."

"లాండ్రీకి గొట్టమే లేదు కదా," అంది రేలీన్ నేలవైపు వంగి.

"లాండ్రీకి వచ్చేది కాదండీ. హాల్లోంచి గాలి వెనక్కి పీల్చే పెద్ద గొట్టం, దీని కిందుగా పోతోంది. పైన మీ మిషన్ నీళ్ళు పోయే కన్నం సరిగ్గా దీని మీదే ఉంది. లాండ్రీలో గాలంతా ఇది లాగేస్తోంది. ఇప్పటిది కాదు. చిరిగిన అంచులు అరిగిపోయాయి."

రేలీన్ నెమ్మదిగా లేచి నిలబడింది. గార్త్ వైపు చూసింది. గార్త్ కప్పులోకి చూస్తున్నాడు. అందులో టీ లేదు.

"లాండ్రీలో నా మాటలు ఎక్కడ వచ్చేవి?" అంది.

"మంచం పక్కన," అన్నాడు గార్త్. "నా వైపు. ఎప్పుడూ మధ్యాహ్నమే. నువ్వు స్కూల్లో ఉండే టైము."

"ఎప్పట్నుంచి?"

"మొదటిదాన్నుంచీ."

"అన్నీ విన్నావా?"

"చెవులు మూసుకుని చూశాను. బండి మోతలో కూడా మాట పట్టడం అలవాటైన చెవులు, తలగడ అడ్డం పెట్టినా ఆగవు." టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "మొదట్లో చెప్పినవి ఫర్వాలేదు. కోపం ఉండేది. నేను బాగుచెయ్యని ఓవెన్ తలుపు గురించి తిట్టావు, అది న్యాయమే. ఈ మధ్య మరీ మర్యాదగా చెప్తున్నావు. ఆరోగ్యం జాగ్రత్త అంటున్నావు. అప్పట్నుంచీ భయం పట్టుకుంది."

"మరి ఒక్క మాట అనలేదేం?"

గార్త్ ఆవిడ వైపు తెల్లబోయి చూశాడు. ఎర్ర లైటు దగ్గర ఎందుకాగావు అని అడిగితే ఎలా చూస్తారో, అలా. "జాలీలోంచి వచ్చింది కదా, రే," అన్నాడు, ఆవిడ పేరు ఎప్పటిలా సగానికి తుంచి.

రేలీన్‌కి నవ్వాలో, కప్పు విసరాలో తెలీలేదు. దాదాపు ఏడాదిగా తన మాటలన్నీ ఈ మనిషి పక్కలో పడుతున్నాయి. ఈయన మర్యాదగా పడుకుని, మర్యాదగా విని, లేచి సాయంత్రం భోజనానికి బంగాళాదుంపల చెక్కు తీసి పెడుతున్నాడు.

"వెనక గది ఎందుకన్నావు మరి?"

"దానికి ఎండొస్తుంది. నువ్వు సముద్రం కనబడాలన్నావు. మనకి సముద్రం లేదు, వెనక గది ఉంది. నీ తలుపు నీకు, నీ రిమోటు నీకు. ఈ ఊళ్ళోనే ఉంటావు కదా అనుకున్నాను. జవాబు చెప్పకుండా చెయ్యడానికి నాకు ఇంకేం దొరకలేదు."

"నన్ను గెంటేస్తున్నావనుకున్నాను."

"గొట్టాలు కావాలన్నావు కదా, నేనేమో నువ్వు ఉంటానంటున్నావనుకున్నాను. తర్వాత మళ్ళీ వద్దన్నావు. గురువారానికి నాకేమీ అర్థం కావడం మానేసింది."

నేల కింద నుంచి ఒక దగ్గు. "అదీ… నేనింకా ఇక్కడే ఉన్నాను. నాకన్నీ వినబడుతున్నాయి. ముందే చెప్పడం మంచిదని."

"ఫర్వాలేదు విలి," అంది రేలీన్. "నువ్వు గొట్టం కోసెయ్."

కింద కత్తి ఆడింది. పెద్ద గొట్టం నేలమీద పడిన చప్పుడు, ఎవరో పక్కకి ఒత్తిగిలినట్టు. హాల్లో జాలీ ఒకసారి నిట్టూర్చి ఊరుకుంది.

అప్పుడు రేలీన్ కుర్చీ లాక్కుని గార్త్ ఎదురుగా కూర్చుంది. లాండ్రీలో ఎన్నిసార్లు చెప్పుకుందో ఆ మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. "నేను వెళ్ళిపోదామనుకుంటున్నాను, గార్త్," అంది. అంతే వచ్చింది.

ఆ మాటని లాక్కుపోవడానికి ఏమీ లేదు. అది అక్కడే ఉంది, బల్ల మీద, ఇద్దరి మధ్య. ఇప్పటికిప్పుడు అన్నది ఇప్పటికిప్పుడే. గార్త్‌కి ఇలాంటిది అలవాటు లేదు. రోడ్డు మీద పెద్ద కొమ్మ అడ్డం పడితే బండి ఎలా ఆపి చూస్తాడో అలా దాన్ని చూశాడు.

"వద్దు," అన్నాడు.

రేలీన్ కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకుంది.

"అంటే, నీ ఇష్టం. కానీ వద్దు." ఊపిరి పీల్చుకున్నాడు. అక్కడితో అయిపోయిందేమో అనుకుంది ఆవిడ. అవలేదు. "ఆకుపచ్చ కోటు నిన్ను లావుగా చూపించదు. ఎప్పుడో అడిగావు. బాగుంటుంది నీకు. మీ అమ్మ పోయినప్పుడు, గార్త్‌కి ఏమీ అనిపించలేదా అన్నావు ఇక్కడే నిలబడి. అనిపించింది. ఆవిడ నాకు కార్లో పెట్టుకోమని మింట్ బిళ్ళలిచ్చేది, ఇప్పటికీ డబ్బా పారెయ్యలేదు. టాస్మేనియా వెళ్దామా అన్నావు. వెళ్దాం. ఆ ఓడెక్కితే నాకు వాంతులవుతాయి, అయినా వెళ్దాం. హాలుకి పసుపు రంగు వేస్తే ఎలా ఉంటుందన్నావు, నాకు పసుపు నచ్చదు, కానీ హాల్లో ఎవరుంటారు, వేసుకో. పిల్లలు లేకపోవడం ఎవరి తప్పు అని ఒకసారి అన్నావు. ఎవరి తప్పూ కాదు, రే. అది నీకెలా చెప్పాలా అని బండి పక్కకి ఆపి కూర్చున్నాను ఆ రోజు. స్టర్ట్ వీధిలో. ఇంటికొచ్చేసరికి నువ్వు పనికెళ్ళిపోయావు."

కొన్ని ఆవిడకి గుర్తున్నాయి. చాలా గుర్తు లేవు, అసలు తనే అడిగిందా అనిపించింది. ఒక వరసా లేదు. పెళ్ళైన ఏడాదివీ పోయిన నెలవీ కలిసిపోయి వస్తున్నాయి. బండి నడిపే మనిషి కదా, చేతులు బల్ల అంచుని స్టీరింగులా పట్టుకున్నాయి.

విలి వెనక తలుపులోంచి తల పెట్టాడు. జుట్టు నిండా సాలెగూళ్ళు. "నేను తర్వాత రానా?"

"రా, కూర్చో," అంది రేలీన్, మొగుడి మీంచి చూపు తిప్పకుండా. "వంటింట్లో ఒకటి పెట్టు."

"అంటే స్ప్లిట్టే అన్నమాట."

"అలాగే ఉంది."

"మరి వెనక గదికి?"

"అది తర్వాత చూద్దాం."

బల్ల మీద ఫోన్ మోగింది. పోర్టార్లింగ్టన్ ఏజెంటమ్మాయి. గార్త్ ఆగిపోయాడు. ఎవరిదో ఆయనకి తెలుసు, ఆ పేరు కూడా మంచం పక్కన విన్నదే. రేలీన్ ఫోన్ తీసింది. అవతల అమ్మాయి గడువు ఇవాళే అయిపోతోందనీ, ఇంకొక ఆయన బయట కార్లో కూర్చుని ఉన్నాడనీ చెప్పింది.

"ఆయనకే ఇచ్చెయ్యమ్మా," అంది రేలీన్. "నాకిప్పుడు కుదరదు. మా ఆయన మాట్లాడుతున్నాడు."